పచ్చగా బతకడం ఎలా? వంటింట్లోంచే మొదలుపెడదాం

ఒక్కరోజులో అన్నీ మార్చేద్దామని కూర్చుంటే వారం తిరిగేసరికి నీరసం వస్తుంది. ఒక్క అలవాటు పట్టుకోండి. దానికి చెయ్యి అలవాటు పడ్డాక రెండోది ఎత్తుకోండి. ఆ మొదటిది చెత్తబుట్టే కావాలని నా గట్టి అభిప్రాయం. ఇంట్లోంచి రోజూ ఏం బయటికి పోతోందో కళ్లారా చూస్తే, ఏం కొనాలో ఏం మానాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదటి పని: తడి వేరు, పొడి వేరు

రెండు డబ్బాలు పెట్టండి. కూరగాయల తొక్కలు, చాయ్‌పత్తి, మిగిలిన అన్నం ఒకదాంట్లో. కవర్లు, కాగితాలు, సీసాలు ఇంకోదాంట్లో. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి, చెత్తబండి మీద పనిచేసేవాళ్లు వాటిని ఉత్త చేతులతో ఏరకుండా. తడి, పొడి కలిసిపోతే ఏదీ పనికి రాదు, మొత్తం మన వరంగల్‌లో మడికొండ పక్కన రాంపూర్ డంప్‌యార్డు లాంటి చోటికే చేరుతుంది. గుట్టల కింద గాలి ఆడక కుళ్లిన తడి చెత్త నుంచి మీథేన్ అనే వాయువు పుడుతుంది. నూరేళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ. నిప్పు అంటుకుంటే పొగ మింగేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లు.

రెండో పని: కుండలో ఎరువు

ఇది కాస్త ఓపికగా చదవండి, ఎక్కువమంది మధ్యలో వదిలేసేది ఇక్కడే.

20 లీటర్ల మట్టి కుండ గానీ పాత పెయింటు బకెట్ గానీ తీసుకుని అడుగున, పక్కల ఓ పది రంధ్రాలు చేయండి. కింద పళ్లెం పెట్టి రెండు ఇటుకల మీద నిలబెట్టండి. అడుగున రెండు మూడు అంగుళాల మందాన కొబ్బరి పీచు లేదా ఎండుటాకులు పరవండి. రోజూ తడి చెత్తలోని నీళ్లు వంచేసి, పెద్ద ముక్కలుంటే తరిగి వేయండి. వేసిన ప్రతిసారీ పైన ఎండుటాకులో, రంపపు పొట్టో, చింపిన పేపరో చెత్త కనిపించకుండా కప్పండి. చెత్త ఎంత ఉంటే ఎండు సరుకు కనీసం అంత ఉండాలి. మొదట్లో గుప్పెడు తోట మట్టి, కొంచెం పుల్లటి మజ్జిగ వేస్తే పని త్వరగా మొదలవుతుంది. మూడు నాలుగు రోజులకోసారి కర్రతో కిందికీ మీదికీ కలపండి.

లోపల తేమ సరిగ్గా ఉందో లేదో చేత్తోనే తెలుస్తుంది. గుప్పెడు తీసి పిండితే పిండి ఆరేసిన గుడ్డలా చెమ్మ తగలాలి, నీళ్లు కారకూడదు. కంపు కొడుతోందంటే తడి ఎక్కువైనట్టు, ఎండుటాకులు వేసి కలపండి. చీమలు పట్టాయంటే ఎండిపోయినట్టు, బియ్యం కడిగిన నీళ్లు చిలకరించండి. మన ఎండాకాలంలో ఇది తరచూ అవుతుంది. తెల్లటి బూజు, పురుగులు చూసి కంగారుపడి పారబోయకండి, చెత్తను ఎరువు చేసేది అవే. మాంసం, ఎముకలు, నూనె కూరలు మాత్రం వేయొద్దు.

కుండ నిండాక పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. రెండు మూడు నెలలకు నల్లగా, మట్టివాసన వచ్చే ఎరువు తయారవుతుంది. జల్లెడ పట్టి మొక్కలకు వేయండి.

ఎండుటాకులు ఎక్కడివి అంటారా? ఉగాదికి ముందు వేపచెట్లు ఆకు రాలుస్తాయి. చాలా వీధుల్లో వాటిని ఊడ్చి నిప్పంటిస్తారు. ఒక గోనెసంచి పట్టుకెళ్లి నింపుకోండి, నెలల తరబడి వస్తాయి.

మూడో పని: సంచి

రైతుబజారుకు గుడ్డసంచి తీసుకెళ్లమని అందరూ చెబుతారు, ఇంటి గోడకు తగిలించి ఉంటే మరిచిపోవడమూ ఖాయం. ఒకటి బండి డిక్కీలో పెట్టేయండి. ఆదివారం చికెన్‌కు మూత ఉన్న స్టీలు డబ్బా ఇవ్వండి, కొట్టువాళ్లు అందులోనే వేసిస్తారు. 120 మైక్రాన్ల కంటే పలచని క్యారీబ్యాగులపై 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం ఉంది, కాబట్టి వద్దనడానికి మొహమాటపడక్కర్లేదు.

నాలుగో పని: పండగలు, జాతర

బతుకమ్మను తాంబాలంలోనో సిబ్బిలోనో పేర్చండి, థర్మకోల్ ముక్క జోలికి పోవద్దు. గునుగుపూలకు రసాయన రంగులు అద్దడం తగ్గించి తెల్లగా కొన్ని వరసలు, పసుపు రాసి కొన్ని వరసలు పెట్టి చూడండి, తంగేడు పక్కన చక్కగా కనిపిస్తాయి. ఆ రంగు చివరికి చేరేది భద్రకాళి చెరువులోకో, పద్మాక్షి గుట్ట కింది నీళ్లలోకో.

రెండేళ్లకోసారి మేడారం వెళ్లేటప్పుడు ఇంటి నుంచే స్టీలు పళ్లేలు, గ్లాసులు, పెద్ద నీళ్ల క్యాను బండిలో వేసుకోండి. ఎక్కువమంది ఉంటే మోదుగాకు ఇస్తార్లు కొనండి. అమ్మవార్లు కొలువున్నది అడవిలో. అక్కడ వదిలేసిన ప్లాస్టిక్ గ్లాసు జాతర ముగిశాక కూడా ఆ నేల మీదే ఉంటుంది. మనసు కష్టమయ్యే విషయం ఇది.

ఐదో పని: నీళ్లు, కరెంటు

పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కట్టి కాకతీయులు వాననీళ్లను నిలబెట్టుకున్న ప్రాంతం మనది. ఇంట్లో చేయాల్సింది చాలా చిన్నది. ఆర్‌వో ఫిల్టర్ వదిలేసే నీళ్లను బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి వాడండి. మొక్కలకు మాత్రం వద్దు, ఉప్పు ఎక్కువ. కూలర్ నీళ్లు వారానికోసారి పూర్తిగా మార్చండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

మన కరెంటులో పెద్ద భాగం బొగ్గు కాల్చి తీసేదే. రామగుండం, చెల్పూరు ప్లాంట్లు మనకు ఎంతో దూరంలో లేవు. మామూలు సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటరు) ఫ్యాన్ 30 వాట్ల దగ్గర ఉంటుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు ఒక్క ఫ్యాన్ మీదే 20 యూనిట్లు మిగులుతాయి. బాగున్న ఫ్యాన్ తీసి పారేయకండి, పాడైనప్పుడు మార్చండి. ఏసీ ఉంటే 24 డిగ్రీల మీద పెట్టి, ఫ్యాన్ కూడా వేసుకోండి.

మోటరు వేసి మరిచిపోయే ఇళ్లు మాత్రం ముందు ఆ సంగతి చూసుకోవాలి. ట్యాంకు పొంగితే నీళ్లూ పోతాయి, కరెంటూ పోతుంది. ట్యాంకు నిండగానే మోగే అలారం ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. అది బిగించేదాకా, ట్యాంకు నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఒకసారి చూసుకుని, స్విచ్ వేసిన ప్రతిసారీ ఫోన్‌లో అంత టైమర్ పెట్టుకోండి.