వానలకు ముందు పందుల రక్త పరీక్ష: రెండో పాజిటివ్ చూసి మందు పట్టకండి

పోయిన వారం శంషాబాద్ వైపు ఒక ఫారంలో ఒక్క రాత్రిలో ఐదు పందులు చచ్చిపోయాయి. చంపింది నట్టల మందు. ఏలికపాములకు రక్త పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చింది, లెవామిసోల్ పట్టారు. పదిహేను రోజులకు మళ్లీ రక్తం పంపితే మళ్లీ పాజిటివే. మందు పనిచేయలేదనుకుని, ఈసారి తూకం కూడా చూడకుండా రెండింతలు పట్టారు. నేను వెళ్లేసరికి మిగిలినవి నోటి వెంట నురగ కారుస్తూ, వెనక కాళ్లు వణుకుతూ గోడకు ఆనుకుని ఉన్నాయి.

వానలు మొదలవుతున్నాయి, చాలామంది ఇప్పుడే శాంపిళ్లు పంపుతారు. దయచేసి ఇది అర్థం చేసుకోండి. ఎలీసా అనే ఈ రక్త పరీక్షలో కనిపించేవి పురుగుకు ఎదురుగా పంది ఒంట్లో తయారైన యాంటీబాడీలు. పురుగులన్నీ చచ్చి బయటికి పోయినా అవి వారాల తరబడి, ఒక్కోసారి నెలలు రక్తంలో ఉండిపోతాయి. మందు పనిచేసిందో లేదో రక్తం చెప్పదు. అది తెలియాలంటే మందు వేసిన రెండు వారాలకు పేడ పరీక్షలో గుడ్ల లెక్క చూడాలి.

మరి రక్తం ఎందుకంటారా? ఏలికపాము పెద్దదై గుడ్లు పెట్టడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. ఈలోగా అది పిల్లపురుగుగా (లార్వాగా) కాలేయం, ఊపిరితిత్తుల మీదుగా తిరిగి పేగుకు చేరుతుంది. పంది దగ్గుతుంది, ఎంత మేసినా ఒళ్లు చేయదు, కోస్తే కాలేయం మీద పాల చుక్కల్లాంటి మచ్చలు. అప్పుడు పేడ పరీక్ష నెగెటివ్ అనే వస్తుంది. షెడ్డులో పురుగు ఎంత తిరుగుతోందో రక్తమే చెబుతుంది. అదీ మంద మొత్తానికి, ఒక్క పందికి కాదు.

అందుకే అమ్మకానికి దగ్గరపడ్డ పందుల్లో ప్రతి గదిలోంచి కొన్నింటికి తీయించండి. బక్కచిక్కినవే ఏరకండి. పాలు తాగే పిల్లలవి వద్దు, ముర్రుపాలతో వచ్చిన తల్లి యాంటీబాడీలే వాటిలో కనిపిస్తాయి.

రక్తం తీయడం డాక్టర్ పని. మెడకు కుడివైపు నుంచే తీయాలి, ఎడమవైపు ముఖ్యమైన నరాలకు సూది తగిలే ముప్పు ఎక్కువ. ఎండ ఎక్కకముందే ముగించండి, చెమటతో చల్లబడే వీలు పందికి లేదు.

ఎర్ర మూత ట్యూబే వాడండి. ఊపకండి. నీడలో గంటా రెండు గంటలు గడ్డకట్టనిచ్చి పైన తేలే పసుపు నీరు, అంటే సీరం, వేరుచేయించండి. గడ్డతో ఉన్న ట్యూబును డీప్ ఫ్రీజర్‌లో పెడితే కణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది, పరీక్ష పాడవుతుంది. జోరీగలు ముసిరి జ్వరం వస్తూ పోతూ ఉంటే సర్రా (రక్తంలో బతికే సూక్ష్మ పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) అనుమానించాలి. దానికి ఊదా మూత ట్యూబు, అదే రోజు మైక్రోస్కోపు కిందికి.

పందికో సూది. ట్యూబు మీద నంబరు రక్తం తీయకముందే రాయండి. చివరిసారి ఏ మందు ఏ తేదీన వేశారో చీటీ మీద రాసి జతచేయండి. బండి డిక్కీలో వేసుకుని ఎండలో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టకండి, ఐస్ బాక్సు కొనండి. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ అయినా, ఇంకే ల్యాబ్ అయినా ఆ పరీక్ష చేస్తారో లేదో ఫోన్ చేసి అడిగాకే బయల్దేరండి. శనివారం సాయంత్రం పంపకండి. ఫినాయిల్‌ను నమ్మకండి, ఏలికపాము గుడ్డు దానికి చావదు, నేలలో ఏళ్లు బతుకుతుంది. పేడంతా ఎత్తి, మరిగే నీళ్లు పోసి, గదిని ఎండనివ్వండి. కూలీలకు మరుగుదొడ్డి కట్టించండి, మనిషి మలం తిన్న పందికి బద్దెపురుగు తిత్తులు వస్తాయి, ఏలికపాము పరీక్షలో అవి దొరకవు. తూకం వేయకుండా మందు పట్టకండి. రెండో పాజిటివ్ చూసి మందు పట్టకండి. పేడ చూపించకుండా రెండోసారి అసలు పట్టకండి. మందు మాంసంలోంచి పోయే గడువు తీరకుండా పందిని అమ్మకండి. మందు పట్టాక నురగ, వణుకు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, ఆ సీసా చేతిలో పట్టుకునే డాక్టర్‌కు ఫోన్ చేయండి.