గాలెనా రాయితో రేడియో: మీసం పెట్టే పద్ధతి

జగదీశ్ చంద్రబోస్‌కు 1904లో అమెరికా పేటెంట్ వచ్చిన డిటెక్టర్‌లో (రేడియో తరంగాలను పసిగట్టే పరికరంలో) ఉన్నది గాలెనా, అంటే సీసపు ఖనిజం. దానితో బ్యాటరీ లేకుండా మీడియం వేవ్ వినొచ్చు. ఈ పని నాకు ప్రాణం.

3 అంగుళాల పీవీసీ పైపుకి 26 గేజ్ ఎనామిల్ తీగ 50 చుట్లు చుట్టండి. పాత రేడియోలో స్టేషన్లు మార్చే గ్యాంగ్ కండెన్సర్‌ని ఆ కాయిల్‌కి సమాంతరంగా కలపండి. కాయిల్ ఒక కొసకు ఏరియల్, రాయి. రెండో కొసకు ఎర్తు, ఇయర్‌ఫోన్ తీగ ఒకటి. ఇయర్‌ఫోన్ రెండో తీగ మీసానికి, అంటే రాయిని మొనతో తాకే సన్నటి తీగకు, వెళ్తుంది. మొబైల్ ఇయర్‌ఫోన్ పనికిరాదు. క్రిస్టల్ ఇయర్‌పీస్ కొని, దాని రెండు తీగల మధ్య 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. ఏరియల్ 15 మీటర్లైనా ఉండాలి. ఉరుములప్పుడు దాని జోలికి వెళ్లకండి.

అసలు పనితనమంతా మీసంలోనే. రాయికి సోల్డర్ వేయొద్దు, వేడికి దాని గుణం పోతుంది. అల్యూమినియం రేకు చుట్టి క్లిప్‌లో బిగిస్తే చాలు. సన్నటి ఫాస్ఫర్ బ్రాంజ్ తీగను స్ప్రింగులా చుట్టి, మొన రాయి మీద ఆనీ ఆననట్టు పెట్టండి. గట్టిగా నొక్కితే శబ్దం చచ్చిపోతుంది. రాయంతా ఒకేలా పలకదు, మెరిసే కొత్త ముఖం మీద వెంట్రుకవాసి జరుపుతూ వెతకాలి. తొలినాటి రేడియో ఆపరేటర్లు పక్కన చిన్న బజర్ మోగించి, ఆ గరగర బాగా వినిపించే చోట మీసాన్ని వదిలేసేవారు. మీరూ అలాగే చేయండి, స్టేషన్ కోసం తర్వాత వెతకొచ్చు.

రాయి ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, అది సీసం.