అక్రిడిటేషన్ ఆడిట్‌లో ట్రైనింగ్ సెంటర్లు ఎక్కడ ఇరుక్కుంటాయి: సమస్య - కారణం - పరిష్కారం

కర్నూలు, అనంతపురం, కడపల్లో స్కిల్ ట్రైనింగ్ సెంటర్ నడిపేవాళ్లలో ఎక్కువమందికి పాఠం చెప్పించడం వచ్చు, పిల్లల్ని చేర్పించడం వచ్చు, కంపెనీలతో మాట్లాడటమూ వచ్చు. సెంటర్‌కి గుర్తింపు (అక్రిడిటేషన్) కోసం జరిగే ఇన్‌స్పెక్షన్ అనగానే మాత్రం చేతులు ఆడవు. ఆడిట్‌కి ముందు ఇలాంటి సెంటర్ల ఫైళ్లు చూసిపెట్టడం నా పని. దాదాపు ప్రతిచోటా కనిపించే జబ్బు ఒకటే. పని జరిగుంటుంది, దానికి ఆనవాలు ఉండదు. లేదంటే ఆనవాలు దండిగా ఉంటుంది, పని జరిగుండదు. ఈ రెండోదాన్ని అనుభవమున్న ఆడిటర్ టీ తాగే లోపు పట్టేస్తాడు. మీ సమస్య ఏదో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి, మొత్తం చదవాల్సిన పని లేదు.

"మాకు ఐఎస్ఓ ఉంది కదా, మళ్లీ అక్రిడిటేషన్ ఏంటి?"

సమస్య: రిసెప్షన్‌లో ఫ్రేము కట్టించిన ఐఎస్ఓ 9001 (నాణ్యత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం) సర్టిఫికెట్ ఉంటుంది. ప్రభుత్వ స్కీముకి అప్లై చేస్తే మాత్రం సెంటర్‌కి గుర్తింపు లేదంటారు.

కారణం: ఇవి రెండూ వేర్వేరు దారులు. ఐఎస్ఓ 9001 మీ సంస్థ నడిచే పద్ధతి గురించి మాట్లాడుతుంది, మీ కోర్సుకి విలువ కట్టదు. పైగా ఐఎస్ఓ తనంతట తాను ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, సర్టిఫికేషన్ సంస్థలు ఇస్తాయి. ఆ సంస్థలకు అర్హత ఉందో లేదో తేల్చడానికి మన దేశంలో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఎన్ఏబీసీబీ అనే బోర్డు ఉంది. స్కిల్ కోర్సుల గుర్తింపు వ్యవహారం వేరు. 2018 డిసెంబరులో నోటిఫై అయిన ఎన్‌సీవీఈటీ (వృత్తి విద్యకు జాతీయ నియంత్రణ సంస్థ) అవార్డింగ్ బాడీలను, అంటే పాసైనవాళ్లకు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలను, పరీక్ష పెట్టే అసెస్‌మెంట్ ఏజెన్సీలను గుర్తిస్తుంది. మీ సెంటర్ ఆ అవార్డింగ్ బాడీ ద్వారా రావాలి. ఐటీఐ అయితే డీజీటీ (కేంద్ర ప్రభుత్వ శిక్షణ డైరెక్టరేట్) నిబంధనల ప్రకారం అఫిలియేషన్.

పరిష్కారం: డబ్బు కట్టేముందు ఒక తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి: ఏ జాబ్ రోల్ (ఏ పనికి శిక్షణ), అది ఎన్ఎస్‌క్యూఎఫ్‌లో (నైపుణ్యాలకు లెవెళ్లు కట్టే జాతీయ పద్ధతి) ఏ లెవెల్, పాసైన పిల్లాడి సర్టిఫికెట్ మీద ఎవరి పేరు ఉంటుంది, ఆ పేరున్న సంస్థ సెంటర్‌ని ఏమేం అడుగుతుంది. ఆ నాలుగోదే మీ చెక్‌లిస్టు. ఐఎస్ఓ వద్దని కాదు. నిజంగా పాటిస్తే అక్రిడిటేషన్ పని సగం తేలికవుతుంది. విద్యాసంస్థల కోసమే 2018లో వచ్చిన ఐఎస్ఓ 21001 అయితే ట్రైనింగ్ సెంటర్లకు ఇంకా బాగా అతుకుతుంది. కానీ "ఆడిటర్ రానక్కర్లేదు, నాలుగు రోజుల్లో సర్టిఫికెట్ మెయిల్ చేస్తాం" అని ఫోన్ చేసేవాళ్లకు దండం పెట్టి పెట్టేయండి. అసలైనదానికి మొదటి ఆడిట్ రెండు దశల్లో ఉంటుంది, సర్టిఫికెట్ మూడేళ్లకు ఇస్తారు, మధ్యలో ఏటా వచ్చి చూసుకుంటారు.

అప్లికేషన్ పంపిన ప్రతిసారీ తిరిగొస్తోంది

కారణం తొంభై పాళ్లు పేరు, అడ్రసు దగ్గరే. పాన్ కార్డులో "ఎడ్యుకేషనల్ సొసైటీ", బ్యాంకు ఖాతాలో "ఎడ్యు. సొసైటీ", బోర్డు మీద "స్కిల్ అకాడమీ". కరెంటు బిల్లు ఇంటి ఓనరు వాళ్ల నాన్న పేరు మీద, అదీ పాత డోర్ నంబరుతో. మనకు చూస్తే తెలిసిపోతుంది అన్నీ ఒకటేనని. ఎక్కడో కంప్యూటర్ ముందు కూర్చుని డాక్యుమెంట్లు మాత్రమే చూసే మనిషికి అవి మూడు వేరే సంస్థలు.

ఇంకోటి, 11 నెలల అగ్రిమెంటు. రిజిస్ట్రేషన్ జోలికి పోకూడదని ఓనర్లు 11 నెలలకే రాస్తారు. అప్లికేషన్ నడుస్తుండగానే దాని గడువు తీరిపోతుంది, మీరు గమనించరు, చూసేవాళ్లు గమనిస్తారు.

పరిష్కారం: సంస్థ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, అడ్రసు, అక్షరం పొల్లుపోకుండా ఒక షీటులో రాసి, అప్లికేషన్ నింపే ప్రతి ఒక్కరూ దాన్నుంచే కాపీ చేయాలని పెట్టండి. మార్చగలిగిన డాక్యుమెంట్లు ముందే మార్పించుకోండి. డోర్ నంబరు తేడా ఉంటే పాతదీ కొత్తదీ ఒకటేనని మున్సిపాలిటీ నుంచి కాగితం తెచ్చి జతచేయండి. లీజు కనీసం మీరు అడుగుతున్న గుర్తింపు కాలానికైనా సరిపోయేలా రాయించి రిజిస్టర్ చేయించండి. ఖర్చవుతుంది, తప్పదు. గది కొలతలు మాత్రం టేపు పట్టి మీరే కొలవండి, ప్లాన్‌లో ఉన్నది నమ్మొద్దు. అల్మరాలు, మెషీన్లు పెట్టాక మిగిలే జాగా వేరు.

రికార్డులన్నీ ఉన్నాయి, అయినా "నమ్మశక్యంగా లేవు" అని రాశారు

ఇది అసలు సమస్య, కాబట్టి కొంచెం నిలబడి చూద్దాం.

ఆడిటర్ రిజిస్టర్లు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడు. ఒక పేరు పట్టుకుంటాడు. వైరింగ్ బ్యాచ్‌లో ఒక అమ్మాయి పేరనుకోండి. ఆ పిల్ల అడ్మిషన్ ఫారం తీయమంటాడు. ఏదో ఒక తేదీ చెప్పి ఆ రోజు హాజరు చూస్తాడు. ఆ రోజు టైంటేబుల్‌లో ఏముంది, ట్రైనర్ డైరీలో ఏం రాశాడు, స్టాక్ రిజిస్టర్‌లో ఏ సామాను ఇచ్చారు, వారం చివర టెస్టులో ఈ పిల్లకి ఎన్ని మార్కులు, జవాబు పత్రం ఏది అని వరసగా వెళతాడు. ఆరు కాగితాలు ఒకే కథ చెబితే సరే. ఒక సెంటర్‌లో 1.5 ఎస్‌క్యూ ఎంఎం వైరు కాయిల్ ఇష్యూ చేసినట్టు స్టాక్ రిజిస్టర్‌లో రాసిన తేదీ, హాజరు పట్టీలో "ఉగాది సెలవు" అని ఉన్న తేదీ ఒకటే. ఆ పక్కనే రెండు నెలల సంతకాలు, మొత్తం ఒకే నీలం పెన్ను, ఒకే వాలు. ఎక్కడా ఒక కొట్టివేత లేదు, ఒక మరక లేదు. రోజూ వర్క్‌షాప్‌లో తిరిగే రిజిస్టరు అంత శుభ్రంగా ఉండదు కదా. ఆడిటర్ ఒక్క మాట కూడా అనలేదు, ఆ రెండు పేజీలూ ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు, అంతే.

నవ్వొచ్చే సంగతేమిటంటే ఆ సెంటర్‌లో వైరింగ్ నిజంగానే నేర్పారు, పిల్లలు బోర్డు బిగించి చూపించారు కూడా. రిజిస్టరు మాత్రం ఆడిట్‌కి ముందు రోజు రాత్రి కూర్చుని రాశారు.

కారణం: రికార్డు రాయడం ఎవరి పనీ కాకపోవడం. ట్రైనర్ ఆఫీసు వాళ్ల పని అనుకుంటాడు, ఆఫీసు వాళ్లు ట్రైనర్ చెప్తే రాస్తాం అంటారు. ఒక్కో రిజిస్టరులో అడిగిందే మళ్లీ అడగడం ఇంకో కారణం. అదే పేరు ఐదు చోట్ల రాయమంటే ఎవరికైనా విసుగే.

పరిష్కారం: ముందు రిజిస్టర్ల సంఖ్య తగ్గించండి. హాజరు, ఆ రోజు పాఠం, వాడిన సామాను, ఈ మూడూ ఒకే పేజీలో వచ్చేలా రోజుకో షీటు చేస్తే ట్రైనర్ క్లాసు అయిన ఐదు నిమిషాల్లో నింపేస్తాడు. ఆ షీటు సాయంత్రం కోఆర్డినేటర్ బల్ల మీదికి రాకపోతే మర్నాడు పొద్దున సామాను ఇవ్వకూడదు. ఈ ఒక్క నియమం పెట్టినచోట మిగతావి వాటంతట అవే దారికొచ్చాయి. వారానికోసారి మీరే ఆడిటర్‌లాగా ఒక పేరు, ఒక తేదీ పట్టుకుని ఆరు కాగితాలూ తీసి చూడండి. తప్పు దొరికితే వైట్‌నర్ పెట్టకండి. ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం చేయండి. కొట్టివేత ఉంటే ఆడిటర్ ఏమీ అనుకోడు, వైట్‌నర్ ఉంటే అనుకుంటాడు. పాత బ్యాచ్‌కి లేని రికార్డు ఇప్పుడు పుట్టించొద్దు. "ఫలానా తేదీ వరకు ఈ రికార్డు నిర్వహించలేదు, ఆ తర్వాత మొదలుపెట్టాం" అని ఒక నోట్ రాసి ఫైల్లో పెట్టడం వంద రెట్లు నయం.

బయోమెట్రిక్ గురించి ఒక మాట. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల పని చేసే ఇళ్ల పిల్లలకీ, పొలం పనికి పోయే ఆడవాళ్లకీ వేలిముద్రలు అరిగిపోయి మెషీన్ పట్టదు. మనిషి క్లాసులో ఉంటాడు, సిస్టంలో ఆబ్సెంట్. ఆ రోజే ఒక మినహాయింపు పుస్తకంలో పేరు, టైము, కారణం రాసి ట్రైనర్, పిల్లాడు ఇద్దరూ సంతకం పెట్టాలి, సంబంధిత వాళ్లకు అదే రోజు మెయిల్ వెళ్లాలి. నెల తర్వాత చెబితే ఎవరూ వినరు.

ఫైళ్లు స్కాన్ చేసి ఇంకోచోట ఉంచడం కూడా మర్చిపోకండి. 2009 అక్టోబరు వరదల్లో కర్నూలు పాతబస్తీ నీళ్లలో మునిగినప్పుడు కాగితాలు ఏమయ్యాయో ఆ వీధుల్లో ఎవర్నడిగినా చెబుతారు.

ట్రైనర్ బంగారం, కాగితం లేదు

ఇరవై ఏళ్లు మోటార్లు చుట్టిన మేస్త్రీ ఉంటాడు, పిల్లలు ఆయన మాటే వింటారు. టీఓటీ (ట్రైనర్లకిచ్చే శిక్షణ) సర్టిఫికెట్ లేదు, చదువు పదో తరగతి దగ్గర ఆగింది. ఆయన పేరు పెడితే ఒప్పుకోరు, కాబట్టి ఇంకెవరిదో సర్టిఫికెట్ పెట్టి ఈయనతో పాఠం చెప్పిస్తారు. ఇది పట్టుబడితే చిన్న లోపంగా రాయరు, సెంటర్ గుర్తింపుకే ఎసరొస్తుంది. అడ్డదారి వద్దు. ఆ జాబ్ రోల్‌కి ట్రైనర్ అర్హత ఏమిటో ఆ కోర్సు వివరాలుండే క్వాలిఫికేషన్ ఫైల్లోనే రాసుంటుంది, చదువుకి బదులు అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే వీలుందేమో అక్కడ చూడండి. ఉంటే టీఓటీకి పంపండి. లేకపోతే అర్హత ఉన్నవాణ్ని ట్రైనర్‌గా పెట్టి, మేస్త్రీని ల్యాబ్ అసిస్టెంట్‌గా ఆయన పేరుతోనే, ఆయన జీతంతోనే చూపించండి.

రెండో బాధ, ట్రైనర్ వెళ్లిపోవడం. పెనుకొండ కియా ప్లాంటు చుట్టుపక్కల కంపెనీల్లో కాస్త ఎక్కువ జీతం వస్తే ఎవరు ఆగుతారు? ఆపలేరు. ప్రతి జాబ్ రోల్‌కి రెండో మనిషిని ముందే సర్టిఫై చేయించి ఉంచండి, మార్పు జరిగిన వారంలోనే పోర్టల్‌లో మార్చండి. ఇన్‌స్పెక్షన్ రోజు పోర్టల్‌లో ఒక పేరు, బోర్డు ముందు ఇంకో మొహం కనబడితే ఎంత చెప్పినా అతకదు.

బ్యాచ్ నిండుగా మొదలై సగంలో ఖాళీ అవుతోంది

దీనికి పిల్లల్ని తిడతారు గానీ తప్పు క్యాలెండర్‌ది. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు కుటుంబాలు మిరపకాయల కోతకు, పత్తి తీతకు గుంటూరు వైపు వలస పోతాయి. ఇంటిల్లిపాదీ పోతుంటే పద్దెనిమిదేళ్ల పిల్లాడు టాలీ క్లాసుకి ఉండిపోతాడా? అనంతపురం వైపు వేరుశనగ పీకే రోజుల్లోనూ అంతే. మీరు నవంబరులో మూడు నెలల బ్యాచ్ పెడితే సంక్రాంతికి గదిలో ట్రైనరూ ఫ్యానూ మిగులుతారు.

బ్యాచ్ తేదీలు వేసేముందు ఏ మండలం నుంచి పిల్లలు వస్తున్నారో, అక్కడ ఎప్పుడు వలస మొదలవుతుందో రాసుకోండి. ఎండాకాలం తిరిగొచ్చాక పొట్టి బ్యాచ్‌లు పెట్టండి. ఎవరు ఎందుకు మానేశారో ఫోన్ చేసి అడిగి ఒక్క వాక్యం రాసి ఉంచండి. డ్రాపవుట్లు ఉన్నందుకు కంటే, ఎందుకు మానేశారో సెంటర్‌కే తెలియనందుకు ఎక్కువ మార్కులు పోతాయి.

ఒకే నాన్-కన్ఫర్మిటీ (ఆడిటర్ రాసే లోపం) ప్రతి ఏడాదీ

ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో గడువు తీరిన అయింట్‌మెంట్. ఆడిటర్ రాశాడు, సెంటర్ వాళ్లు కొత్తది కొని ఫొటో పంపారు, క్లోజ్ అయింది. మళ్లీ ఏడాది అదే డబ్బా, అదే మాట. "ఏందప్పా ఇది, పోయినేడాది మార్చినాం కదా!" అని ఓనరు కోఆర్డినేటర్ మీద పడతాడు. మార్చారు, నిజమే. అది దిద్దుబాటు మాత్రమే. ఐఎస్ఓ 9001లో క్లాజు 10.2 అడిగేది మళ్లీ రాకుండా ఏం చేశారని. గడువు ఎందుకు తీరింది? ఎవరూ చూడలేదు. ఎందుకు చూడలేదు? ఆ డబ్బా ఎవరి బాధ్యతో ఎక్కడా రాయలేదు. ఇక్కడ ఆగాలి, ఇదే కారణం. డబ్బా మీద ఒక మనిషి పేరు, పక్కన నెలనెలా టిక్కు పెట్టే చీటీ, ఆ మనిషి మానేసినప్పుడు అప్పగింత జాబితాలో ఆ డబ్బా. మంటలార్పే సిలిండర్ రీఫిల్ తేదీకీ, మల్టీమీటర్ క్యాలిబ్రేషన్‌కీ (రీడింగ్ సరిగ్గా ఉందో సరిచూడటం) ఇదే మందు. "సిబ్బందికి అవగాహన కల్పించాం" అని జవాబు రాస్తే మాత్రం ఆడిటర్ వెనక్కి పంపుతాడు, పంపాలి కూడా.

చిన్నవి, వరసగా

ఫీడ్‌బ్యాక్ అన్నీ ఐదుకి ఐదు వస్తున్నాయంటే ట్రైనర్ ఎదురుగా నిలబడి ఫారాలు పంచుతున్నాడని అర్థం. పేరు లేకుండా, వేరే మనిషితో పంచి, "ఏది అర్థం కాలేదు?" అని ఒక్క ప్రశ్న అడగండి, తెలుగులో.

ఇంటర్నల్ ఆడిట్ ఎవరి పని వాళ్లే తనిఖీ చేసుకుంటే చెల్లదు. నలుగురే సిబ్బంది ఉంటే ఇంకెవరున్నారు అంటారు. కర్నూలు కోఆర్డినేటర్ నంద్యాల సెంటర్‌ని చూడాలి, నంద్యాల ఆయన ఇటు రావాలి, బస్సు చార్జీలతో పోయేదానికి కన్సల్టెంటు ఎందుకు?

ప్లేస్‌మెంట్ కింద ఆఫర్ లెటర్లు మాత్రమే ఉంటే ఉద్యోగం వచ్చినట్టు కాదు, మూడు నెలల జీతం పడిన రుజువు కావాలి. పిల్లలు సిమ్ మార్చేస్తారు కాబట్టి అడ్మిషన్ రోజే ఇంట్లో ఇంకొకరి నంబరు తీసుకోండి, అమ్మ నంబరైతే మంచిది, అది మారదు.

ఆడిట్ రోజు స్వీపర్ నుంచి ట్రైనర్ దాకా అందరికీ ఒకే మాట చెప్పి ఉంచండి: అడిగినదానికి జవాబు చెప్పండి, తెలియకపోతే "తెలియదు, కోఆర్డినేటర్‌ని అడగండి" అనండి. ఊహించి చెప్పిన జవాబుల వల్లే సగం నాన్-కన్ఫర్మిటీలు పుడతాయి. ఆడిటర్ రాసింది తప్పనిపిస్తే అక్కడే, ఆడిట్ చివర పెట్టే క్లోజింగ్ మీటింగ్‌లోనే, రుజువు కాగితం పెట్టి చెప్పండి. రిపోర్టు వెళ్లిపోయాక అదే కాగితం చూపించడానికి నాలుగు మెయిళ్లు రాయాల్సి వస్తుంది.