అమ్మానాన్నలు చికాగో చలికి వస్తున్నారా?

డిసెంబరులో పిల్లలకు సెలవులు, ఊరంతా దీపాలు. లింకన్ పార్క్ జూ, డేలీ ప్లాజాలో క్రిస్మస్ సంత, అరోరా బాలాజీ గుడి, ఆ వెంటనే సంక్రాంతి. మనవలతో ఇవన్నీ చూడాలని పెద్దవాళ్లకూ ఉంటుంది. తప్పకుండా రప్పించుకోండి. కానీ టికెట్ కొన్న రోజు నుంచే ఇక్కడి చలి గురించి చెబుతూ ఉండండి. 2019 జనవరి 30న ఇక్కడి ఒహేర్ విమానాశ్రయం దగ్గర మైనస్ 31 డిగ్రీల సెల్సియస్ పడింది. ఏటా అంత ఉండదు, అయినా విజయవాడలో మంకీ క్యాప్‌తో గట్టెక్కే చలి కాదిది.

మా అమ్మ వచ్చిన మర్నాడు టీవీలో 20 అని చూసి, శాలువా కప్పుకుంటే చాలనుకుంది. అది ఫారెన్‌హీట్. మన లెక్కలో మైనస్ 7. రాగిచెంబుతో సూర్యుడికి నీళ్లు వదలడానికి హవాయి చెప్పులతోనే వెనక మెట్టు మీద కాలు పెట్టింది. మెట్టు తడిసినట్టు కనిపించిందంతే. అది నీరు కాదు, అద్దంలాంటి పలచని మంచు. చెంబు ఎక్కడో పడింది, అమ్మ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతోనే ఉంది, పండక్కి అరిసెలు కూడా వండలేకపోయింది.

అందుకే ముందు కొనాల్సింది కోటు కాదు, అడుగున గట్టి పట్టున్న బూట్లు. తలుపు దగ్గర ఒక బకెట్ ఉప్పు పెట్టుకోండి. మైనస్ 9 కన్నా కిందికి దిగితే మామూలు రాతి ఉప్పు సరిగ్గా పనిచేయదు, అప్పుడు ఇసుక చల్లండి. అరికాలంతా ఆనించి చిన్న అడుగులు వేయమనండి. జేబుల్లో చేతులు పెట్టుకుని నడవనివ్వకండి. అర్ఘ్యం కిటికీ దగ్గర తులసికుండీలోనే వదలొచ్చు.

నాన్నగారికి పార మాత్రం ఇవ్వకండి. "కూర్చుని ఏం చేస్తాన్రా, మంచు నేను తీస్తాలే" అంటారు. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, తడి మంచు బరువు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఆ రెండూ కలిస్తే ప్రాణం మీదికొస్తుంది.

గాలితో కలిపి చలి మైనస్ 28కి చేరితే, కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. వేళ్లు తెల్లబడి మొద్దుబారితే రుద్దకండి, హీటర్ ముందు పెట్టకండి. స్పర్శ లేని చర్మానికి కాలుతున్నా తెలియదు. గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. స్పర్శ తిరిగి రాకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

నాకు అన్నిటికన్నా భయం భోగినాడే. బయట మంట వేయలేం కదా అని గరాజ్‌లో కుంపటి రాజేసి, తలుపు సగం ఎత్తితే చాలనుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే ఫ్లూ అనుకుని ఇంట్లో అందరూ పడుకుంటారు. గరాజ్‌లో కారు వేడెక్కించడమూ అంతే ప్రమాదం, తలుపు తెరిచి ఉన్నా సరే. మంచు పడ్డాక కారు స్టార్ట్ చేసే ముందు పొగగొట్టం మూసుకుపోయిందేమో చూడండి. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా, మోగుతోందా అన్నది వాళ్లు విమానం ఎక్కకముందే నొక్కి చూడండి. అది మోగితే అందరూ బయటికి, ఆ తర్వాతే 911కి ఫోన్. భోగిపళ్లు హాల్లో పోయండి, పిల్లలకు కావాల్సింది అదే.

పిల్లల్ని కారు సీట్లో కూర్చోబెట్టేటప్పుడు లావుపాటి కోటు విప్పేయండి. గుద్దుకుంటే కోటు నలిగి బెల్టు వదులైపోతుంది. బెల్టు బిగించాక పైన దుప్పటి కప్పండి.

ఇక బీపీ, షుగర్ మాత్రలు ఉండే రోజులకన్నా ఒక నెలవి ఎక్కువే తెచ్చుకోమనండి, డాక్టరు చీటీతో సహా, చేతిసంచిలోనే. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివి కొనండి. అమ్మ మణికట్టుకి తీసిన మొదటి ఎక్స్‌రే బిల్లు చూసిన రోజు నుంచి నేను ప్రతి లైనూ చదువుతున్నాను.