పాలివ్వడానికి ఇబ్బంది పడే బాలింతకు అండగా ఉండటం ఎలా?

పురుడైన రెండో రోజు మంచం చుట్టూ చేరినవాళ్లు అడిగే మాట ఒకటే: "పాలు పడ్డాయా?" ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల కొందరు తెలుగులో, కొందరు ఒడియాలో, కొండ దిగి వచ్చినవాళ్లు సవరలో అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. కానీ కుట్ల నొప్పితో, నిద్ర లేకుండా ఉన్న అమ్మాయికి అది పరీక్షలో మార్కులెన్నని అడిగినట్టు వినిపిస్తుంది. గజపతి జిల్లాలో నర్సుగా ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. నిజంగా పాలు రాని తల్లులు చాలా తక్కువ. సరిగ్గా పట్టించడం చూపించేవాళ్లు, పక్కన కూర్చునేవాళ్లు లేక ఇబ్బంది పడేవాళ్లే ఎక్కువ. అత్తలు, అమ్మలు, భర్తలు, ఆశా దీదీలు, పక్కింటివాళ్లు ఏం చేయవచ్చో చెబుతాను.

1. ముందు ఆమె పక్కన కూర్చోండి

నిలబడి సలహాలు ఇవ్వకండి. స్టూలు లాక్కుని ఆమె కళ్లకు సమానంగా కూర్చోండి. చూడటానికి వచ్చినవాళ్లను కాసేపు బయటికి పంపండి, కర్టెన్ లేకపోతే చీర అడ్డం కట్టండి. మొదటి ప్రశ్న పాల గురించి వద్దు. "తిన్నావా తల్లీ? ఎక్కడ నొప్పిగా ఉంది?" అని అడగండి. ఆమె చెప్పింది పూర్తిగా వినండి.

అడగకుండా ఆమె రొమ్మును పట్టుకోకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆ తప్పు చేశాను. పని తొందరలో ఒక అమ్మాయి రొమ్ము పట్టి బిడ్డ నోట్లో కుక్కాను. బిడ్డ ఏడ్చింది, తల్లి గోడ వైపు తిరిగిపోయింది. ఆ సాయంత్రం దాకా బిడ్డను దగ్గరికి తీసుకోలేదు. అప్పటి నుంచి "చెయ్యి వేయనా అమ్మా?" అని అడిగి, ఆమె తలూపితేనే వేస్తాను. చాలాసార్లు చెయ్యి వేసే అవసరమే రాదు. ఒక బొమ్మతోనో, మడతపెట్టిన తువ్వాలుతోనో చూపిస్తే ఆమె తానే చేసుకుంటుంది.

శ్రీకాకుళం వైపు పల్లెల నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లలో కొందరికి ఒడియా రాదు. సవర తల్లులకు ఈ రెండు భాషలూ కష్టమే. డాక్టరు చెప్పింది ఆమె సొంత భాషలో చెప్పేవాళ్లను వెతికి పక్కన కూర్చోబెట్టండి. అర్థం కాక తలూపితే ఇంటికెళ్లాక ఏమీ జరగదు.

2. మొదటి రోజుల లెక్క చెప్పండి

మొదటి రోజు బిడ్డ తాగేది ఒక్కోసారికి కొద్ది మిల్లీలీటర్లే, అంటే దాదాపు ఒక టీస్పూను. చిక్కగా, పసుపు రంగులో వచ్చే ముర్రుపాలు అంతకు సరిపోతాయి. ఎక్కువ పాలు దిగడానికి రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది. ఆపరేషన్ అయినవాళ్లకు ఇంకో రోజు ఆలస్యం కావచ్చు. ఈ లెక్క తెలిస్తేనే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఆవు ఈనితే జున్నుపాలు అపురూపంగా ఇరుగుపొరుగుకు పంచుతాం. తల్లి ముర్రుపాలను మాత్రం "మురికిపాలు" అని పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పెద్దవాళ్లకు ఈ జున్ను మాట చెప్పి చూడండి, గద్దిస్తే విననివాళ్లు దీనికి వింటారు. పుట్టిన గంటలోపు బిడ్డను రొమ్ముకు చేర్చాలి. తేనె, పంచదార నీళ్లు, ఆముదం ఏవీ వద్దు. ఆరు నెలల వరకు మంచినీళ్లు కూడా అక్కర్లేదు.

3. పట్టించడం దగ్గరుండి చూపించండి

అసలు పనంతా ఇక్కడే ఉంది, తొందరపడకండి. తల్లి వీపుకు గోడ గానీ దిండు గానీ ఆనాలి, భుజాలు వదులుగా ఉండాలి. ఆపరేషన్ అయితే పక్కకు తిరిగి పడుకుని ఇవ్వడం సుఖం. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు తగలాలి. చెవి, భుజం, తుంటి ఒకే గీతలో ఉండాలి. మెడ తిప్పుకుని మనమే నీళ్లు తాగలేం, పసిబిడ్డ ఎలా తాగుతుంది?

బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండేలా పట్టుకుని, చనుమొనతో పై పెదవిని మెల్లగా తాకించాలి. ఆవలించినంత పెద్దగా నోరు తెరిచే దాకా ఆగాలి. తెరవగానే బిడ్డనే రొమ్ము దగ్గరికి తేవాలి, తల్లి ముందుకు వంగకూడదు. తలను వెనక నుంచి నొక్కకండి, బిడ్డ బెదిరి వెనక్కి వాలిపోతుంది.

సరిగ్గా పట్టిందా అన్నది ఇలా తెలుస్తుంది: గడ్డం రొమ్మును తాకుతుంది, కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది, చనుమొనే కాక దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలా వరకు నోట్లో ఉంటుంది. బుగ్గలు సొట్టపడవు. కాసేపటికి గుటకలు వినిపిస్తాయి. మొదటి నిమిషం దాటాక కూడా నొప్పి ఉంటే పట్టు కుదరలేదని అర్థం. ఓర్చుకోమనకండి. చిటికెన వేలు శుభ్రంగా కడుక్కుని బిడ్డ నోటి మూల నుంచి లోపలికి పెట్టి పట్టు విడిపించి, మళ్లీ మొదలుపెట్టించండి. నాలుగైదుసార్లు చేయాల్సి వచ్చినా ఫర్వాలేదు. చనుమొనలు పగలడానికి చాలా వరకు కారణం ఈ పట్టే. పగిలిన చోట ఆమె పాలే రెండు చుక్కలు రాసి గాలికి ఆరనివ్వండి.

రోజు మొత్తంలో 8 నుంచి 12 సార్లు పట్టించాలి, రాత్రులు కూడా. బిడ్డ ఏడ్చేదాకా ఆగకండి. పిడికిలి చప్పరించడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం ఆకలి గుర్తులు.

4. రొమ్ములు గట్టిపడితే

పాలు గడ్డకట్టి రాయిలా అయితే, గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డ కాసేపు వేసి, చేత్తో కొంచెం పాలు పిండి మెత్తబరిచాక బిడ్డకు ఇవ్వాలి. తాగాక చల్లని గుడ్డ వేస్తే హాయిగా ఉంటుంది. పిండేటప్పుడు నల్లటి భాగం అంచున బొటనవేలు పైన, చూపుడువేలు కింద పెట్టి, ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లనూ దగ్గరికి నొక్కాలి. చర్మం మీద వేళ్లు జారకూడదు.

పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టించండి, సీసా వద్దు. మామూలు గది వేడిలో నాలుగు గంటలకు మించి ఉంచకండి, ఎండాకాలంలో అంతకంటే ముందే వాడేయండి. రొమ్ము ఒక చోట ఎర్రబడి, జ్వరం, చలి వస్తే అదే రోజు డాక్టరుకు చూపించండి. పాలివ్వడం ఆపాల్సిన పని లేదు, ఆపితే గడ్డ ముదురుతుంది.

5. సరిపోతున్నాయా?

ఏడుపును బట్టి లెక్క వేయకండి. ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లయినా ఉచ్చ పోస్తుంటే పాలు అందుతున్నట్టే. మొదటి వారం బరువు కొంచెం తగ్గడం మామూలే, రెండు వారాల్లో పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి. ఆసుపత్రి కాన్పు అయితే ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. ఇక్కడ ఒక చిక్కుంది. పురుడయ్యాక చాలామంది సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వైపు పుట్టింటికి వెళ్తారు, లేదా అటు నుంచి ఇటు వస్తారు. ఆ సందర్శనలు జారిపోకుండా రెండు ఊళ్ల ఆశాలకూ ముందే చెప్పి, తల్లీబిడ్డల కార్డు వెంట పంపండి.

బిడ్డ లేపినా లేవక మగతగా ఉన్నా, పాలు పట్టడం మానేసినా, ఉచ్చ తగ్గినా, ఒళ్లు వేడెక్కినా చల్లబడినా, కామెర్ల పచ్చదనం అరచేతులు, అరికాళ్ల దాకా దిగినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

6. ఇంట్లో పనులు, ఆమె మనసు

ఆవును అదిలిస్తే చేపదని పాలు పితికే ఇంట్లో అందరికీ తెలుసు. మనిషికీ అంతే, భయం, నొప్పి, అవమానం పాలు చేపుకు రానివ్వవు. అందుకే ఆమెను ఇంకొకరితో పోల్చి మాట్లాడకండి. పాలసొర, మునగాకు, వెల్లుల్లి ఆమెకు ఇష్టమైతే వండిపెట్టండి. కానీ పాలు పెరిగేది బిడ్డ తాగి ఖాళీ చేసిన కొద్దీ. పథ్యం పేరుతో మంచినీళ్లు కట్టడి చేయడం మాత్రం ఆపండి, పాలిచ్చే ప్రతిసారీ చేతికి ఒక గ్లాసు అందించండి. తాగాక బిడ్డను భర్త ఎత్తుకుని తేన్పు తెప్పిస్తే ఆమెకు గంట నిద్ర దొరుకుతుంది.

మూడో రోజు నుంచి ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ మీద మనసు పోవడం లేదంటే, బతకాలని లేదని ఒక్కసారి అన్నా, ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

7. డబ్బా పాలు తప్పనిసరైతే

కొందరికి అన్నీ చేసినా పాలు చాలవు. అప్పుడు డాక్టరు చెప్పిన పాలే, చెప్పిన కొలతలోనే, మరిగించిన నీళ్లతో కలపండి. "నీ వల్ల కాలేదు" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. ముందు కాసేపు రొమ్ముకు పట్టించి, తర్వాత ఉగ్గుగిన్నె ఆమె చేతికే ఇవ్వండి. బిడ్డను ఆమె ఒళ్లోనే, ఛాతీకి ఆనించి తాగనివ్వండి.