కేప్‌లో జర్మన్ పూర్వీకుని జాడ – మూడవ పాఠం: జీతపు ఖాతాను చదవడం

యోహాన్‌ను యాన్‌గా, హైన్రిచ్‌ను హెండ్రిక్‌గా, ష్మిట్‌ను స్మిట్‌గా డచ్చి గుమాస్తాలు ఎలా మార్చి రాశారో గత పాఠంలో చూశాము. మీ పూర్వీకుని పేరుకు అటువంటి రూపాలన్నీ రాసుకున్న తరువాతనే ఈ పాఠానికి రండి.

1652లో దక్షిణాఫ్రికాలో కేప్ ఆఫ్ గుడ్ హోప్ స్థావరాన్ని నెలకొల్పినది డచ్చి ఈస్టిండియా కంపెనీ కనుక, అక్కడికి చేరిన జర్మన్లలో ఎక్కువమంది కంపెనీ జీతం మీద వచ్చిన సిపాయిలు, నావికులే. ఓడకొక పుస్తకం చొప్పున కంపెనీ రాయించిన జీతపు ఖాతాలు, ముఖ్యంగా 1700 తరువాతివి, హేగ్‌లోని డచ్చి జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. వాటి సూచికను ఇంటర్నెట్‌లో వెతకవచ్చు. మచిలీపట్నం, భీమునిపట్నం కోఠీలలో పనిచేసిన వలందుల, అనగా డచ్చివారి, లెక్కలు కూడా ఈ వరుసలోనివే.

పేరుతో దొరకకపోతే ఊరితో వెతకండి, అయితే ఊరి పేరు కూడా డచ్చి రూపంలోనే ఉంటుంది: ఆఖెన్ అక్కడ ఆకెన్, కోనిగ్స్‌బెర్గ్ కోనింగ్స్‌బెర్గెన్. దక్షిణాఫ్రికాలోని నాటి ట్రాన్స్‌వాల్ రాజ్యపు అధ్యక్షుడు పాల్ క్రూగర్ మూలపురుషుడు యాకోబ్ క్రూగర్ 1713లో కంపెనీ సిపాయిగా బెర్లిన్ నుంచి వచ్చాడని చెబుతారు. అటువంటి చోట బెర్లిన్ అంటే ఆ నగరమే కావచ్చు, గుమాస్తాకు తెలియని ఏదో పల్లెకు దగ్గరి పెద్ద ఊరూ కావచ్చు. కనుక వెంటనే అక్కడి చర్చికి ఉత్తరం రాయకండి.

ఇక పుట తెరవండి. పైన పేరు, ఊరు, హోదా, నెలజీతం ఉంటాయి. సాధారణ సిపాయికి 9 గిల్డర్లు. ఎడమవైపు అతని బాకీలు, కుడివైపు సంపాదన. బాకీలలో మొదట కనిపించేవి రెండు నెలల బయానా, సామాను పెట్టె, ఒక రుణపత్రం. ఓడ కదిలేదాకా తిండి, బస ఇచ్చిన పూటకూళ్ల యజమానికి రాసిచ్చిన పత్రం అది. అతడు దానిని తక్కువ ధరకు మరొకరికి అమ్ముకునేవాడు. అటువంటివారిని డచ్చివారు ‘ఆత్మలమ్మేవారు’ అని ఈసడించేవారు. వంశచరిత్రకు ఆ పద్దుతో పెద్దగా పని లేదు. దాని సమీపంలో ‘మాండ్‌బ్రీఫ్’ అనే మాట ఉన్నదేమో చూడండి. ఏడాదికి మూడు నెలల జీతం వరకు ఇంటివారు తీసుకునేందుకు ఇచ్చిన అనుమతి అది. పుచ్చుకున్నది తల్లో, భార్యో రాసి ఉంటే, పుట మొత్తంలో అంతకంటె విలువైన పద్దు లేదని నా అభిప్రాయం.

ఖాతా ముగిసిన తేదీని, కారణాన్ని కలిపి చదవాలి: మరణించాడా, తిరిగి వెళ్లాడా, పారిపోయాడా, లేక ‘వ్రైబర్గర్’, అనగా స్వేచ్ఛా పౌరుడు అయ్యాడా? రైతు దగ్గర పనికి అరువిచ్చిన సిపాయికి కంపెనీ జీతం నిలిచిపోయేది గనుక, నడుమ ఖాళీ కనిపించగానే చనిపోయాడని తీర్మానించకండి.

ఈ వారం ఒక పుట ఎడమవైపును, అర్థం కాని మాటలతో సహా, ఉన్నదున్నట్లు ఎత్తి రాయండి. ముగింపు తేదీని విడిగా ఉంచుకోండి. వచ్చే పాఠంలో దానితో పెళ్లి, బాప్టిజం నమోదులలోకి వెళతాము. 1780కి ముందు కేప్‌లో లూథరన్ (జర్మనీలో పుట్టిన ప్రొటెస్టెంట్ శాఖ) పాదిరి లేడు కనుక, మీ పూర్వీకుడు లూథరన్ అయినా అతని పిల్లలను డచ్చి రిఫార్మ్డ్ చర్చి పుస్తకాలలోనే వెతుకుతాము.