సింగపూర్ చూస్తూ అక్కడి తిండి రుచి చూడటం ఎలా?

వరంగల్, కరీంనగర్ నుంచి సింగపూర్ టూర్‌కు వెళ్లేవాళ్ల సూట్‌కేసుల్లో సకినాలు, కారప్పొడి, తొక్కు తప్పకుండా ఉంటాయి. ఉండనివ్వండి, ముఖ్యంగా పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే. కానీ ఉన్నన్ని రోజులూ వాటితోనే సరిపెట్టుకుంటే ఆ ఊరిని సగమే చూసినట్టు. రోజుకు ఒక్క పూట అక్కడి తిండికి కేటాయించండి, చాలు.

ముందు సర్దేటప్పుడు జాగ్రత్త. గసగసాలు, అవి కలిపిన మసాలా పొడి పెట్టుకోకండి. అక్కడ మాదకద్రవ్యాల చట్టంతో చిక్కు వస్తుంది. మాంసం విషయంలో నిబంధనలు గట్టివి కాబట్టి చికెన్ పచ్చడి ఇంట్లోనే ఉంచండి. చూయింగ్ గమ్ కూడా వద్దు.

తర్వాత, చూసే చోటుకు పక్కనే తినే చోటు ఎంచుకోండి. హాకర్ సెంటర్లంటే ఒకే కప్పు కింద వరసగా చిన్న చిన్న స్టాళ్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. ఒకప్పుడు వీధుల్లో తిరిగి అమ్మినవాళ్లను ప్రభుత్వం ఇలా ఒక్కచోటికి చేర్చింది. 2020లో ఈ హాకర్ సంస్కృతికి యునెస్కో గుర్తింపు వచ్చింది. చైనాటౌన్‌లో 1827 నాటి మారియమ్మన్ గుడి, బుద్ధుడి దంతం ఉన్న ఆలయం పొద్దున చూసుకుంటే, నడిచే దూరంలోనే మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్. మెరీనా బే చూసిన రాత్రికి లావ్ పా సాట్ అనే హాకర్ సెంటర్ మంచిది. చీకటి పడ్డాక పక్క వీధిలో బొగ్గుల మీద సాటే, అంటే పుల్లలకు గుచ్చిన మాంసం ముక్కలు, కాలుస్తారు, పల్లీల సాస్‌తో ఇస్తారు. చికెన్ సాటే అని స్పష్టంగా చెప్పండి, బీఫ్ కూడా ఉంటుంది.

లోపలికి వెళ్లగానే ముందు సీటు చూసుకోండి. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే అది ఎవరో ఆపుకున్నది. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి పెట్టాలి. తొలిసారి వదిలేస్తే హెచ్చరిస్తారు, మళ్లీ అయితే జరిమానా. కొన్ని స్టాళ్లలో కార్డు తీసుకోరు, చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి.

మొదట ఏం తినాలంటే, నేనైతే చికెన్ రైసే అంటాను. పళ్లెం చూడగానే మన వాళ్లకు నీరసం వస్తుంది: తెల్లగా ఉడికిన కోడి ముక్కలు, మసాలా లేదు, వేడి కూడా అంతగా ఉండదు. తొందరపడి పక్కన పెట్టేయకండి. ముందు ఉత్త అన్నం ఒక ముద్ద తినండి. అల్లం, వెల్లుల్లి వేసి కోడి ఉడికిన నీళ్లలోనే వండిన అన్నం అది, అసలు రుచంతా అందులోనే ఉంటుంది. తర్వాత పక్కనిచ్చే ఎర్ర చట్నీ అద్దుకోండి. పండుమిర్చి, అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం కలిసిన ఆ చట్నీ మన పండుమిర్చి తొక్కుకు దగ్గరి చుట్టం. ఇద్దరికి ఒక ప్లేటు తీసుకుంటే ఇంకో స్టాల్ రుచి కూడా చూడొచ్చు.

పంది మాంసం తిననివాళ్లు హలాల్ బోర్డున్న స్టాల్ చూసుకోవాలి. మాంసం ముక్కలు కనిపించకపోయినా నూడుల్స్‌లో పంది కొవ్వు, కారం ముద్దలో ఎండు రొయ్యలు ఉండొచ్చు. శాకాహారులు ‘వెజ్’ అని ఊరుకోకుండా చేప, రొయ్య, గుడ్డు కూడా వద్దని విడివిడిగా చెప్పాలి. శనివారం ఒక్కపొద్దుండే అమ్మలను వాటర్లూ స్ట్రీట్‌కు తీసుకెళ్లండి. అక్కడ కృష్ణుడి గుడి, చైనా వాళ్ల గుడి పక్కపక్కనే ఉంటాయి, దగ్గర్లోని ఫార్చ్యూన్ సెంటర్‌లో శాకాహార స్టాళ్లు బోలెడు.

ఒకరోజు హోటల్ టిఫిన్ మానేసి కాయా టోస్ట్ తినండి. కొబ్బరిపాలు, గుడ్డు, చక్కెరతో చేసిన జామ్, చల్లటి వెన్న ముక్క పెట్టిన కాల్చిన రొట్టె అది. కాఫీలో కండెన్స్‌డ్ మిల్క్ పోస్తారు, మామూలుగానే బాగా తియ్యగా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

డ్యూరియన్ పండు కొంటే అక్కడే కూర్చుని తినేయండి. దాని వాసనకు మెట్రో రైల్లోకి రానివ్వరు, చాలా హోటళ్లలోనూ ఒప్పుకోరు.